అక్కనపల్లి వెండియు, టైబీరియసు చక్రవర్తియు



ఒక రోమక చక్రవర్తి కథ హుజూర్‌నగరు ప్రాంతపు పెద్దలకు ఎందులకు అని మీలో కొందఱకు తోపవచ్చును. మనకు శాతవాహనులు లేరా, ఇక్ష్వాకులు లేరా, కాకతీయులు లేరా? ఉన్నారు. అయినను నేను చెప్పబోవు చక్రవర్తి మనకు బొత్తిగా పరాయివాడు కాడు. ఆతని ముఖము శతాబ్దముల తరబడి మన నేలలోనే పూడియుండెను. నల్లగొండ జిల్లాలోని అక్కనపల్లిలో రోమక వెండి నాణెముల రాశి యొకటి బయల్పడినది. అందలి నాణెములు 1531. వానిలో మిక్కిలి భాగము అగస్టసు, టైబీరియసు అను ఇద్దఱు చక్రవర్తులవి. 2016 లో సూర్యాపేట వేఱు జిల్లా యగువఱకు మన హుజూర్‌నగరు సైతము ఆ నల్లగొండలోనిదే గదా! కృష్ణకు ఆవలి యొడ్డున వినుకొండలో 1889 లో దొరకిన బంగారు నాణెములు టైబీరియసుతో మొదలై కారకల్లా అను చక్రవర్తితో ముగియును. మనకు ఎగువన నాగార్జునకొండ త్రవ్వకములలోను టైబీరియసు బంగారు నాణెము లభించినది. ఇన్ని తావుల మన మట్టిలో దొరకిన మనిషి ఎవడో తెలిసికొనుట తప్పు కాదని నా యభిప్రాయము.

ముందుగా ఆ వెండి నాణెము సంగతి. అది మన పాత వెండి పావలాకంటె బరువైనది, అర్ధరూపాయికంటె తేలికయైనది. మూడు నాణెములు కలిపి తూచినచో తులమునకు కొంచెము తక్కువగా తూగును. ఒకవైపు తలపై ఆకుల దండ ధరించిన పురుషుని శిరస్సు; చుట్టును లాటిను అక్షరములు. వాని భావము దైవమైన అగస్టసు కుమారుడు టైబీరియసు సీజరు అని. రెండవవైపు పీఠముపై కూర్చున్న స్త్రీ. ఒక చేత దండము, ఒక చేత కొమ్మ. ఆ స్త్రీ చక్రవర్తి తల్లి లివియా రూపమని పెక్కురు తలంతురు. ఈ నాణెమును రోమకులు దెనారియసు అనిరి. మన సంస్కృతములోని దీనార శబ్దము దానినుండి పుట్టినదే. నాగార్జునకొండ శాసనములలో ఉజ్జయిని రాజపుత్రిక రుద్రధర భట్టారిక యిచ్చిన దానము దీనారి మాషకములలో లెక్కింపబడినది. వేయేండ్లు గడచిన పిదప ప్రౌఢదేవరాయల సభలో మన శ్రీనాథునకు కనకాభిషేకము జరిగిన నాణెములకును దీనార టంకములనియే పేరు. పేరు బ్రతికినది, పేరు పెట్టినవారిని మాత్రము మఱచితిమి.

అవి ఇక్కడికెట్లు వచ్చెను? క్రీ.పూ. 30 లో ఈజిప్టు దేశము రోమకుల వశమైన పిమ్మట ఎఱ్ఱసముద్రపు రేవులనుండి ఓడలు మన దేశమునకు విరివిగా రాసాగెను. ఆ కాలపు భూగోళ పండితుడు స్ట్రాబో, మ్యోస్ హోర్మోసు అను ఒక్క రేవునుండియే ఏటికి 120 ఓడలు హిందూదేశమునకు పోవుచున్నవని వ్రాసినాడు. మన రైతు దుక్కిదున్ని యే నైరృతి గాలికై మబ్బులవంక చూచునో, ఆ గాలికే ఆ నావికులును తెరచాపలు కట్టుకొని కాచియుండిరి. వారు తెచ్చినది బంగారము, వెండి, ద్రాక్షసారాయము, పగడము. కొనిపోయినది మిరియములు, ముత్యములు, దంతము, నూలుబట్టలు. పేరు తెలియని గ్రీకు వర్తకుడొకడు వ్రాసిన నౌకాయాన గ్రంథములో మసాలియా అను తూర్పు తీరపు సీమలో నూలుబట్టలు విస్తారముగా నేయుదురని యున్నది. అది మన మచిలీపట్టణపు సీమ. టాలెమీ యను మఱియొక పండితుడు మైసోలసు అని పేర్కొన్న నది మన కృష్ణయే. అనగా, సముద్రపు టొడ్డునుండి కృష్ణవెంట పడమటికి పోవు బండ్లదారిని కూర్చున్న మన పూర్వులు నేసిన గుడ్డ రోమునగరపు స్త్రీల యొంటిమీదను, రోమునగరపు వెండి మన కుండలలోను చేరినవి.

ఆ వెండి విలువ మీకు తెలియవలె నన్నచో ఒక లెక్క చెప్పెదను. టైబీరియసు కాలమున రోమక కాలిబంటు జీతము ఏడాదికి 225 దెనారియసులు. అక్కనపల్లి రాశి యొక సిపాయికి దాదాపు ఏడేండ్ల జీతము. దానిని పాతిపెట్టినవాడు సంతలో ఉప్పు పప్పు అమ్ముకొను చిల్లర వర్తకుడు కాడు.

ఇక మనిషి కథ. టైబీరియసు క్రీ.పూ. 42 వ సంవత్సరము నవంబరు 16 వ తేదీన పుట్టెను. అప్పుడు రోములో అంతర్యుద్ధములు. తండ్రి ఓడినవారి పక్షము. చంటిబిడ్డను చంకనిడుకొని తల్లిదండ్రులు దేశములు పట్టి తిరిగిరి. రహస్యముగా ఓడ యెక్కబోవువేళ బిడ్డ యేడ్చి రెండుమారులు వారిని పట్టి యిచ్చినంత పనిచేసెనని చెప్పుదురు. తరువాత క్షమాభిక్ష దొరకి రోమునకు తిరిగివచ్చిరి. తిరిగివచ్చిన కొలదికాలమునకే, క్రీ.పూ. 38 లో, గెలిచిన పక్షపు నాయకుడు, అనంతరము అగస్టసు బిరుదము ధరించినవాడు, లివియాను వలచి, గర్భవతియై యున్న ఆమెను భర్తచేత విడిపించి తాను వివాహమాడెను. తొమ్మిదేండ్ల ప్రాయమున తండ్రి చనిపోగా శవము నెదుట నిలిచి సంస్మరణోపన్యాసము చేసిన బాలుడు, తల్లిని తీసికొనిపోయిన వాని యింటనే పెరిగెను. ఇది యాతని మొదటి పాఠము.

రెండవది అంతకంటె కఠినము. అగస్టసు ప్రాణస్నేహితుడు, సేనాని యగు అగ్రిప్పా కూతురు విప్సానియాను టైబీరియసు పెండ్లాడెను. వారిది అన్యోన్య దాంపత్యము. ఒక కుమారుడు కలిగెను. క్రీ.పూ. 12 లో అగ్రిప్పా చనిపోగా, ఆతని భార్యయు అగస్టసు ఏకైక పుత్రికయు నగు జూలియా వితంతువయ్యెను. విప్సానియాను విడిచి జూలియాను చేపట్టుమని అగస్టసు ఆజ్ఞాపించెను. రాజాజ్ఞ! అందును అప్పటికి విప్సానియా మరల గర్భవతి. క్రీ.పూ. 11 లో ఆ పెండ్లి జరిగినది. ఆ పిమ్మట నొకనాడు టైబీరియసు దారిలో విప్సానియాను చూచి, కన్నీరు కార్చుచు ఆమె వెంట నడచెనట. ఇకముందు ఆమె ఆతని కంట పడకుండ పెద్దలు కట్టుదిట్టము చేసిరి. మన ఇండ్లలోను పెద్దల మాటకై మనసు చంపుకొన్నవారిని మీరు చూచియే యుందురు. వారిలో కొందఱు జీవితాంతము ఎవరితోను మనసిచ్చి మాటాడరు. టైబీరియసు అట్టివాడయ్యెను.

తమ్ముడు డ్రూససు ఒక్కడే ఆతనికి ప్రాణము. క్రీ.పూ. 9 లో జర్మనీ దండయాత్రలో డ్రూససు గుఱ్ఱముపైనుండి పడి చావుబ్రతుకులలో నుండగా, టైబీరియసు రాత్రింబవళ్ళు ప్రయాణము చేసి కడయూపిరి వేళకు చేరెను. శవము ముందు రోమునగరము వఱకు కాలినడకను వచ్చెను. మూడేండ్లకు, అనగా క్రీ.పూ. 6 లో, పదవులన్నియు విడిచి రోడ్సు ద్వీపమునకు పోయి, పండితుల ఉపన్యాసములు వినుచు సామాన్యునివలె బ్రతికెను. జూలియా నడవడి సహింపలేక పోయెనని కొందఱు, అగస్టసు తన మనుమలను పైకి తెచ్చుచుండగా అడ్డుండ నేల యని పోయెనని కొందఱు అందురు. రెండును నిజమే కావచ్చును. మనిషి ఒక్క కారణమున ఇల్లు విడువడు.

విధి చిత్రమైనది. అగస్టసు వారసులుగా నెంచిన మనుమలిద్దఱును క్రీ.శ. 2 లోను, 4 లోను మరణించిరి. వేఱు గతి లేక వృద్ధ చక్రవర్తి టైబీరియసును దత్తత చేసికొనెను. అటుపై పదేండ్లు ఆతడు మరల సేనానియై, పనోనియా తిరుగుబాటు నణచెను, క్రీ.శ. 9 లో వారసు అను సేనాపతి జర్మనీ అడవులలో మూడు పటాలములను పోగొట్టుకొన్న వెనుక రైను నది సరిహద్దును నిలబెట్టెను. క్రీ.శ. 14 ఆగస్టు 19 వ తేదీన అగస్టసు గతించెను. సింహాసనము టైబీరియసునకు వచ్చినప్పుడు ఆతని వయస్సు ఏబదినాలుగు. కోరుకొన్ననాడు దొరకలేదు, దొరకిననాడు కోరిక లేదు.

ఆతని పరిపాలన మొదటి తొమ్మిదేండ్లు నా దృష్టిలో ఏ దేశపు మంచి పాలనతోనైనను సరితూగును. సెనేటను పెద్దల సభ ఆతనిని పొగడుటకు ఉవ్విళ్ళూరుచుండెను. జాతిపిత యను బిరుదమును వలదనెను. ఒక నెలకు తన పేరు పెట్టెద మనగా, సీజరులు పదుమువ్వురైనప్పుడు ఏమి చేయుదురని వారినే యడిగెను. స్పెయిను దేశస్థులు తనకు గుడి కట్టెదమని వచ్చినపుడు తాను మనుష్యుడనే యని చెప్పి పంపివైచెను. క్రీ.శ. 17 లో ఆసియా రాష్ట్రములో భూకంపము వచ్చి ఒక్క రాత్రిలో పండ్రెండు పట్టణములు కూలగా, వానికి ఐదేండ్ల పన్ను మాపు చేసి, ఎక్కువగా దెబ్బతిన్న సార్డిసు నగరమునకు కోటి సెస్టర్సుల సాయము చేసెను. నాలుగు సెస్టర్సులు ఒక దెనారియసు. అదే యేట సంతలోని అమ్మకపు పన్నును నూటికి ఒకటినుండి అర్ధకు తగ్గించెను. ఈజిప్టు పాలకుడొకడు నిర్ణయించినదానికంటె ఎక్కువ శిస్తు వసూలుచేసి పంపి మెప్పు పొందజూడగా, గొఱ్ఱెకు ఉన్ని కత్తిరింపవలె గాని తోలు ఒలువరాదని ఆతనిని మందలించెను. జమాబందీలు, వసూళ్ళు చూచిన మీకు ఈ మాట విలువ నేను చెప్పనక్కఱలేదు.

క్రీ.శ. 33 నాటి అప్పుల సంకటమును గూర్చి కొంచెము విపులముగా చెప్పవలెను. ఏలనగా అది నేటికిని పల్లెలకు క్రొత్త విషయము కాదు. రోములో వడ్డీవ్యాపారులకు కట్టుబాట్లు విధించు పాత చట్టమొకటి యుండెను. దానిని ఎవరును పాటింపరైరి. సెనేటులోని పెద్దలే వడ్డీకిచ్చువారు. ఎవరో వ్యాజ్యములు వేయగా సంగతి బయటపడెను. చక్రవర్తి అందఱకును తమ లెక్కలు చక్కజేసికొనుటకు పదునెనిమిది నెలలు గడువిచ్చెను. ఇచ్చినవాడు మంచియే తలచి యిచ్చెను. ఫలితమేమి? సావుకార్లందఱు ఒక్కుమ్మడి బాకీలు వసూలుచేయ మొదలిడిరి. రొక్కము బజారులో కానరాకపోయెను. ఆ మీదట సెనేటు మఱియొక కట్టడి చేసెను: సావుకారు తన ధనములో మూడింట రెండుపాళ్ళు ఇటలీ దేశపు భూమిపై పెట్టవలెను, బాకీదారు సైతము బాకీలో అంతపాలు వెంటనే తీర్పవలెను. బాకీదారులు భూములమ్మకానికి పెట్టిరి. సావుకార్లో, ధర ఇంకను పడును గదా యని డబ్బు బిగబట్టి కూర్చుండిరి. ధర పడెను. పెక్కు కుటుంబములు భూమితోపాటు పరువును పోగొట్టుకొనెను.

అప్పుడు టైబీరియసు చేసిన పని గమనింపదగినది. పది కోట్ల సెస్టర్సులు, అనగా రెండున్నర కోట్ల దెనారియసులు, ఖజానానుండి తీసి సాహుకారీ కొట్ల ద్వారా మూడేండ్ల గడువున వడ్డీలేని అప్పుగా ఇప్పించెను. షరతు ఒక్కటే: తీసికొన్న సొమ్మునకు రెట్టింపు విలువగల భూమిని హామీ చూపవలెను. రొక్కము కదలినది, మెల్లగా ప్రయివేటు సావుకార్లును చేయి వదలిరి. రెట్టింపు భూమి లేని చిన్నవాని గతి యేమని మీరడుగవచ్చును. నేనును అదే యడుగుదును. ఆ సాయము భూమిగలవానిని నిలిపినది గాని, భూమిలేనివానిని తలపలేదు. అయినను ధరలు పాతాళమునకు పోవుచున్న వేళ రాజ్యము తన పెట్టె తెఱచుట ఆనాటికి చాల పెద్ద సంగతి.

మంచి లెక్కలు తెలిసిన ఈ మనిషికి అపకీర్తి ఎందుకు వచ్చెను? చాడీలవలన.

రోములో రాజ్యగౌరవ భంగమను నేరమొకటి కలదు. మొదట అది సైన్యమును పట్టియిచ్చుట, ప్రజను రెచ్చగొట్టుట వంటి పనులకు మాత్రమే వర్తించెడిది. క్రమముగా మాటకును వ్రాతకును వ్యాపించినది. నేరము ఋజువైనచో నేరస్థుని ఆస్తిలో నాలుగవపాలు, ఫిర్యాదు చేసినవానికి ముట్టును. మీ యూళ్ళలో ఆకాశరామన్న ఉత్తరములు మీరెఱుగుదురు. పేరు లేని ఆ యుత్తరమునకు సర్కారు ఆస్తిలో పావువంతు బహుమానమిచ్చినచో ఊరిలో ఎన్ని ఇండ్లు నిలుచునో ఊహింపుడు! ఏలుబడి తొలినాళ్ళలో టైబీరియసు ఇట్టి ఫిర్యాదులను తోసిపుచ్చెను. ఒకడు తోట అమ్ముచు అందలి అగస్టసు విగ్రహమునుగూడ అమ్మెనని నేరము మోపగా, దేవతలకు జరిగిన అపచారమును దేవతలే చూచుకొందురని కొట్టివేసెను. కాని చట్టమును కొట్టివేయలేదు; బహుమానమును మాన్పలేదు. అక్కడనే నాకు ఆతనిపై కోపము. వాకిట చాడీకోరును కూర్చుండనిచ్చినవాడు, నేడు వినకున్నను, మనసు కలతపడిననాడు వినును.

మనసు కలతపడుదినములు వచ్చినవి. క్రీ.శ. 19 లో దత్తపుత్రుడు జర్మానికసు సిరియాలో చనిపోయెను. ప్రజలు ఆతనిని ప్రాణముగా ప్రేమించిరి గనుక చక్రవర్తియే విషము పెట్టించెనని గుసగుసలు బయలుదేరెను. క్రీ.శ. 23 లో విప్సానియా కన్న కుమారుడు డ్రూససు మరణించెను. ఇటుపై ముసలివాడు ఒంటరి. ఆ యొంటరితనములోనికి సెజానసు ప్రవేశించెను.

సెజానసు చక్రవర్తి అంగరక్షక దళమునకు అధిపతి. నగరమున అక్కడక్కడ చెదరియున్న ఆ దళమును ఒక్క దండులోనికి చేర్చి తన గుప్పిట పెట్టుకొనెను. క్రీ.శ. 26 లో సముద్రతీరమున కొండగుహలో విందు జరుగుచుండగా పైకప్పు ఱాళ్ళు కూలెను. అందఱు పరుగిడగా సెజానసు చక్రవర్తిపై తన దేహమును అడ్డుపెట్టి కాపాడెను. ఆ దినమునుండి వాని మాటకు ఎదురులేకపోయెను. ప్రాణము కాచినవాడు చెడ్డవాడని ఎవరు నమ్ముదురు? ఆ మఱుసటి యేడు టైబీరియసు కాప్రీ ద్వీపమున కాపురము పెట్టెను. చనిపోవువఱకు, పదేండ్లు, రోమునగరములో మరల అడుగిడలేదు. ఉత్తరములతోనే రాజ్యము సాగినది. ఉత్తరములు సెజానసు చేతులమీదుగా పోవును. జర్మానికసు భార్యను, పెద్దకొడుకులను ఇద్దఱను వాడు చెఱపాలు చేయించెను. ఆ ముగ్గురును ప్రవాసమున, చెఱలో నశించిరి.

క్రీ.శ. 25 లో జరిగిన ఒక విచారణ ఆ కాలపు గాలి ఎట్టిదో తెలుపును. క్రెముటియసు కార్డసు అను చరిత్రకారుడు తన గ్రంథములో జూలియసు సీజరును చంపిన బ్రూటసును పొగడెనని నేరము మోపబడెను. అరువదేండ్లకు పైబడిన సంగతి, అందఱును చచ్చిపోయిన సంగతి! ఆతడు సభలో సమాధానము చెప్పి, ఇంటికి పోయి నిరాహారుడై ప్రాణము విడిచెను. పుస్తకములను కాల్పుడని ఆజ్ఞ యయ్యెను. ఆతని కుమార్తె మార్సియా ప్రతులను దాచియుంచెను. టైబీరియసు పోయిన పిదప అవి మరల వెలువడెను.

సెజానసు పతనము నాటకమువలె నడచినది. క్రీ.శ. 31 అక్టోబరు 18 వ తేదీన సెనేటులో చక్రవర్తి ఉత్తరము చదువబడెను. క్రొత్త అధికారము దొరకునని సెజానసు ఉబ్బితబ్బిబ్బై కూర్చుండెను. ఉత్తరము చాల పొడుగు. ఇక్కడొక మాట, అక్కడొక మాట. నడుమ నడుమ చిన్న మందలింపులు. కట్టకడపట వానిని బంధింపుడని ఆజ్ఞ. ఉదయమున వాని చుట్టు మూగినవారే సాయంకాలమునకు వాని విగ్రహములను పడద్రోసిరి. ఆనాడే వానిని చంపిరి. వాని బిడ్డలనుగూడ విడువలేదు. చాడీకోరు పోయెను గాని చాడీలు పోలేదు. ఇప్పుడు సెజానసు స్నేహితులపై ఫిర్యాదులు మొదలయ్యెను. కడపటి ఆఱేండ్లు రోములోని పెద్దకుటుంబములు ఏ రాత్రి తలుపు తట్టుదురో యని ప్రాణములు అఱచేత పెట్టుకొని బ్రతికినవి.

ఇది రోమునగరపు కథ. రాష్ట్రముల కథ వేఱు. సిరియాలో, ఆఫ్రికాలో, ఆసియాలో దున్నుకొను రైతునకు ఆ యేండ్లు శాంతికాలమే. పన్నులు పెరుగలేదు, పెద్ద యుద్ధములు లేవు. ఒక పాలకునిగూర్చి సభలోనివారు చెప్పునది యొకటి, పొలములోనివారు చెప్పునది యొకటి. గ్రంథములు వ్రాసినవారు సభలోనివారే. టాసిటసు ఆతడు మరణించిన ఇంచుమించు ఎనుబదియేండ్లకు వ్రాసెను. డొమిషియను అను మఱొక క్రూర చక్రవర్తి కాలమున భయముతో బ్రతికిన సెనేటరు గనుక, టైబీరియసు ముఖములో ఆతనికి డొమిషియను ముఖమే కనబడినదేమో యని నా యనుమానము. వెల్లేయసు అను సైనికోద్యోగి టైబీరియసు క్రింద యుద్ధములు చేసినవాడు. ఆతడు మాత్రము దొరను ఆకాశమున కెత్తెను. పొగడ్తను సగము, తెగడ్తను సగము కోసివైచి చదువుకొనవలసినదే. ఇక కాప్రీ ద్వీపపు విలాసములనుగూర్చి సుయెటోనియసు వ్రాసిన కథలు పెద్దల సభలో చెప్పదగినవి కావు. నమ్మదగినవియు కావని నా నమ్మకము. డెబ్బదియేండ్ల ముసలివాడు చెవిటి ద్వీపమున నేమి చేయుచున్నాడో నగరమున కూర్చున్నవారికి ఎట్లు తెలిసెను?

తెలుగు బైబిలులో తిబెరి కైసరు అని చదివెడివారు మీలో నుందురు. ఆతడే ఈతడు. ఈతని యేలుబడిలోనే యూదయ దేశమున పొంతి పిలాతు అధికారియై యుండగా యేసుక్రీస్తు సిలువ వేయబడెను. కైసరుకు పన్ను చెల్లింపవచ్చునా యని అడిగినపుడు చూపిన దెనారియము ఈ టైబీరియసు నాణెమేయని పూర్వమునుండి చెప్పుకొందురు. అటువంటిదే అక్కనపల్లి నేలలోను ఉండెను.

క్రీ.శ. 37 మార్చి 16 వ తేదీన మిసేనము అను రేవులో టైబీరియసు చనిపోయెను. వయస్సు డెబ్బదియేడు దాటినది. వార్త వినగానే రోము ప్రజలు శవమును టైబరు నదిలో పాఱవేయుడని కేకలు పెట్టిరి. అగస్టసువలె ఆతనిని దేవునిగా ప్రకటింపలేదు. పెట్టెలో మాత్రము 270 కోట్ల సెస్టర్సులు విడిచిపోయెను. జర్మానికసు కడపటి కొడుకగు కాలిగులా ఏడాది తిరుగకముందే దానినంతయు ఊదివేసెనని సుయెటోనియసు వ్రాసినాడు.

పొదుపరియగు ఈ చక్రవర్తి మన వర్తకమును గూర్చి ఏమనుకొనెను? మన పేరెత్తి కాదు గాని, అనెను. క్రీ.శ. 16 లో మగవారు పట్టుబట్టలు కట్టరాదని సెనేటు నిషేధించినది. క్రీ.శ. 22 లో విలాసములను చట్టముచే అణచుడని సభవారు కోరగా, టైబీరియసు పెద్ద ఉత్తరము వ్రాసెను. స్త్రీల రత్నములకై మన ధనము పరాయి జాతులకు, శత్రువులకును తరలిపోవుచున్నదని ఆతడు వాపోయెను. అయినను చట్టముతో ఆశను ఆపలేమని, ఎవరి సిగ్గు వారిని ఆపవలెనని చెప్పి ఊరకుండెను. దరిమిలా ప్లినీ యను పండితుడు హిందూదేశము ఏటికి ఐదుకోట్ల సెస్టర్సులు రోమునుండి లాగుకొనుచున్నదని లెక్కగట్టెను. అంకె కొంత పెంచినదే కావచ్చును. బాధ మాత్రము నిజమైనది.

మన పూర్వులకు ఆ బాధ లేదు. శాతవాహనుల నాణెములలో సీసము, రాగి కలిసిన మిశ్రలోహము ఎక్కువ. అందుచేత మేలిమి వెండి బిళ్ళను వారు సొమ్ముగా మాత్రమే గాక సరకుగాను చూచిరి, తూచి తీసికొనిరి. మన దేశపు రోమక నాణెములలో కొన్నిటిపై చిన్న గుర్తులు కొట్టబడినవి. కొన్నిటిపై ఉలిదెబ్బలున్నవి, లోపల వెండియే యున్నదా, రాగిపై పూతయా యని పరీక్షించిన గుర్తులు అవి కావచ్చును. అచ్చు చూచి పోసిన నకిలీ నాణెములును ఉన్నవి. కాబట్టి పరీక్ష అనవసరమైనది కాదు!

అగస్టసు, టైబీరియసుల వెండియే మన దేశమున ఇంత మిక్కిలిగా దొరకుటకు వర్తకుల తెలివి యొక కారణము. క్రీ.శ. 64 లో నీరో చక్రవర్తి దెనారియసు బరువు తగ్గించి రాగి కలిపెను. అటుపిమ్మట వచ్చిన వెండి మన నేలలో బహు తక్కువ. పాత నాణెమునకే గిరాకి. చనిపోయి ముప్పదియేండ్లైన రాజు ముఖమును మన కోమటి గుర్తుపట్టి ఏరుకొనెను, క్రొత్తదానిని త్రోసివేసెను. ఆతనికి టైబీరియసు పేరు తెలియదు, సెజానసు తెలియడు, కాప్రీ తెలియదు. తక్కెడ తెలియును. దరిమిలా బంగారమే ఎక్కువగా రాసాగెను. నాగార్జునకొండలో టైబీరియసు నాణెముతోపాటు దొరకిన మఱియొక బంగారు నాణెము, నూఱేండ్ల తరువాతి ఆంటోనినసు పయసు చక్రవర్తి భార్య ఫాస్టినాది. ఆ త్రవ్వకములు 1954 మొదలు 1960 వఱకు సాగినవి. ఆ పిదప ఆ లోయ నీట మునిగినది. 1967 నుండి ఆ జలాశయపు నీరే ఎడమకాలువ వెంట మిర్యాలగూడ, హుజూర్‌నగరు మాగాణులకు వచ్చుచున్నది.